తిన్యారా అందరూ?

మా ఎఫ్.ఎం.లో ఇప్పుడు పొద్దున లేచినప్పటి నుంచి పడుకునేదాకా పాటలే. రెండు పాటలకొకసారి ఒక అమ్మాయి తెలుగూ ఇంగ్లీషూ కలిపి స్టేషన్ పేరు చెప్పి నవ్వుతుంది. ఆ నవ్వు ఎప్పుడో రికార్డు చేసి పెట్టిన నవ్వు. ధర్మవరంలో ఏ టీ అంగడి ముందు నిలబడినా, హిందూపురం బస్సులో ఏ సీట్లో కూర్చున్నా అదే వినిపిస్తుంది. అందరూ బాగుందనే అంటారు. నేను మాత్రం అది వినిపించే చోటు నుంచి లేచి పోతాను. ఎందుకో చెప్పాలంటే, ముందు నేనూ ఆ స్టేషన్లో మాట్లాడేదాన్నని చెప్పాలి. తర్వాత మా నాయనకు నేను చేసింది చెప్పాలి. మొదటిది తేలిక.

ఆ స్టేషన్ మొదట్లో ఇట్లా ఉండేది కాదు. హిందూపురంలో చింతపండు మండీలున్న వైపు, ఒక ఎరువుల దుకాణం మీద రెండు గదులు, అంతే. గోడలకు కోడిగుడ్ల అట్టలు అతికించి, వాటి మీద పాత దుప్పట్లు వేలాడదీసి, దాన్ని స్టూడియో అన్నారు. కింద లారీలోంచి మూటలు దించుతుంటే ఆ దబదబలు కూడా జనానికి వినిపించేవి. టవరు పెనుకొండ దగ్గర గుట్ట మీద పెట్టారు కాబట్టి ఇటు అగళి దాకా, అటు ధర్మవరంలో మా వీధి దాకా మా మాట చేరేది. నన్ను పనిలోకి తీసుకున్నప్పుడు ఓనరు అడిగింది ఒక్కటే. "గొంతు బాగుండాది గానీ, దినామూ ధర్మవరం నుంచి రాగలవా తల్లీ?" వస్తానన్నాను. ఐదేళ్లు వచ్చాను.

పొద్దున ఎనిమిదిన్నరకు హిందూపురం మార్కెట్లో పట్టుగూళ్ల ధరలూ, చింతపండు ధరలూ చదివేవాళ్లు. తొమ్మిదికి నా కార్యక్రమం. గంటసేపు ఊళ్లవాళ్లు ఫోన్ చేస్తే మాట్లాడటమే పని. రొద్దం నుంచి ఒక అవ్వ తన ఎనుము తప్పిపోయిందని ఏడుస్తూ చేసింది. రెండు రోజుల తర్వాత అది దొరికిందని మళ్లీ చేసి, ఎనుము మెడలో గంట చప్పుడు అందరికీ వినిపించింది. అగళి నుంచి ఒకాయన సగం కన్నడం, సగం తెలుగు. పుట్టినరోజు పాట అడుగుతూ, "దుడ్లు ఏమన్నా కట్టల్లా అమ్మా?" అని ప్రతిసారీ అనుమానంగా అడిగేవాడు. వద్దు అంటే నమ్మేవాడు కాదు. రేషన్ కార్డు పారేసుకున్నవాళ్లు, బడికి పోనని మొండికేసిన పిల్లలను నాలుగు మాటలు తిట్టమని అడిగే తల్లులు, అందరూ మాకు కావలసినవాళ్లే.

మొదటి నెల నేను బడి పుస్తకంలోని తెలుగు మాట్లాడాను. "శ్రోతలకు శుభోదయం" అని మొదలుపెడితే ఫోన్లు రాలేదు. ఒకరోజు రైలు లేటయింది. స్టేషన్ నుంచి పరుగెత్తి, మెట్లెక్కి, ఆయాసంతో మైకు ముందు కూలబడ్డాను. ఇంట్లో నాయన తిన్నాడో లేదో అన్న దిగులు దారంతా ఉంది. నోట్లోంచి అదే వచ్చేసింది. "తిన్యారా అందరూ?" ఆ రోజు ఫోన్ కింద పెట్టే తీరిక లేదు. "తిన్యామమ్మా", "ఇంగా ల్యా, నీళ్లు కాంచుతాండా", "మా మొగుడు తిన్యాడు, నేను తినల్ల" అని ఊళ్లకు ఊళ్లు జవాబు చెప్పాయి. ఇక నా కార్యక్రమం అట్లాగే మొదలవుతూ వచ్చింది. అది తమను అడిగినట్లే జనం అనుకున్నారు. నిజానికి నేను అడిగింది ఒక్క మనిషిని.

మా నాయన మంచి నేతగాడు. పట్టుచీర అంచులో ఆయన వేసిన హంసలు నడుస్తున్నట్లే ఉండేవి. షుగరు ముందు కాళ్లకు వచ్చింది, తర్వాత కళ్లకు. మగ్గం దిగక తప్పలేదు. అమ్మ అంతకు ముందే పోయింది. నా పెళ్లి సంగతి ఇక్కడ అనవసరం. అది కుదరలేదు, తిరిగి వచ్చేశాను. ఇంట్లో ఇద్దరమే. నాయనకు వెలుతురు తెలుస్తుంది, మనిషి ఆకారం తెలుస్తుంది, అంతకు మించి కనబడదు. అయినా ఊరికే కూర్చోలేక రాట్నం ముందేసుకుని, పక్క మగ్గాలవాళ్లకు అడ్డంగా నేసే పేక దారం చిన్న గొట్టాల్లాంటి కండెలకు చుట్టిపెట్టేవాడు. దారం తెగితే వేళ్లతోనే కొస వెదికి అతికేవాడు. కండ్లున్న నేను ఆ పని అంత చప్పున చేయలేను.

పొద్దున తిండికి అరగంట ముందు ఇన్సులిన్ సూది వేసుకోవాలని, వేసుకున్నాక తినకపోతే ప్రాణం మీదికి వస్తుందని డాక్టరు చెప్పాడు. అది పెన్నులా ఉండే సూది. వెనక మూత తిప్పితే టిక్కు టిక్కుమంటుంది. ఎన్ని టిక్కులో నాయన చెవితో లెక్కపెట్టుకుని వేసుకునేవాడు. నాకు రైలు ఆరున్నరకు. నేను పోయేలోపల ఏదో ఒకటి వండి, పళ్లెంలో పెట్టి, మూత వేసి, రాట్నం పక్కన పెట్టేదాన్ని. మరి టైము ఎట్లా తెలియాలి? నొక్కితే టైము చెప్పే ఫోను కొంటానంటే వద్దన్నాడు.

"గూళ్ల ధరలు చెప్తానే సూది ఏసుకుంటా. నువ్వు తిన్యారా అంటానే ముద్ద తింటా. ఇంగ గడియారం ఏంటికి?"

ఆ ఏర్పాటుకు నేను మురిసిపోయాను. డెబ్బై కిలోమీటర్ల దూరం నుంచి మా నాయనకు అన్నం పెడుతున్నానని గర్వం. వీధిలో అందరికీ చెప్పుకున్నాను కూడా. ఒక మనిషి ప్రాణాన్ని రేడియో బటనుకు కట్టేస్తున్నానని ఒక్కరోజైనా తోచలేదు.

రైలు లేటయిన రోజులకూ ఒక పద్ధతి ఉండేది. మిషను చూసుకునే అతను నేను వచ్చేదాకా రెండు పాత భక్తి పాటలను ఒకదాని తర్వాత ఒకటి, మళ్లీ మొదటిది, మళ్లీ రెండోది వేసేవాడు. అవి మొదలయితే చాలు, ఎదురు రైలు కోసం పెనుకొండలో క్రాసింగ్ పడిందని మా వీధివాళ్లు చెప్పేసేవాళ్లు. నాయన పది నిమిషాలు, పదిహేను నిమిషాలు ఆగేవాడు. మరీ ఆలస్యమయితే తినేయమని ఎంత చెప్పినా, "వస్తావు కదమ్మీ, ఆగుతా" అనేవాడు. ఆ మొండితనం మా ఇంటిది. నాకూ ఉంది.

తర్వాత ఓనరు స్టేషన్ను వేరేవాళ్లకు ఇచ్చేశాడు. ఆయనను తప్పు పట్టను. ముసలితనంలో ఎంతకాలం లాగుతాడు? కొత్తగా వచ్చిన మేనేజరు చిన్న వయసువాడు, మర్యాదస్తుడు. మొదటి నెల ఫోన్లు తగ్గించమన్నాడు. రెండో నెల మాటలు తగ్గించమన్నాడు. మూడో నెల నన్ను కూర్చోబెట్టి, నేను మాట్లాడింది నాకే వినిపించాడు.

"మేడమ్, మీ వాయిస్ సూపర్. కానీ ఈ తిన్యారా, ఇంగా ల్యా... ఇదంతా యూత్‌కు కనెక్ట్ అవదు. పొద్దున్నే ఎనర్జీ కావాలి. హాయ్ గైస్ అని ఒకసారి ట్రై చేయండి."

ట్రై చేశాను. అబద్ధం చెప్పను, చేశాను. ఆ రోజు ఇంటికి వస్తే నాయన అడిగాడు. "ఈ పొద్దు గైసు అని ఎవరినో పిలుస్తాంటివే. ఎవరమ్మీ అతను?" నవ్వలేదు నేను. ఆయన కూడా నవ్వించడానికి అడగలేదు. ఆ రోజు ముద్ద ఎప్పుడు తినాలో తెలియక, చివరికి నా గొంతు గుర్తుపట్టి తిన్నాడట. అప్పుడైనా నాకు బుద్ధి రావలసింది. మరుసటి రోజు నుంచి మొండిగా మళ్లీ తిన్యారా అనే మొదలుపెట్టాను. మేనేజరు ఏమీ అనలేదు. ఏమీ అనకపోతే నేనే గెలిచాననుకున్నాను.

ఒక శుక్రవారం సాయంత్రం పిలిచి చెప్పాడు. సోమవారం నుంచి ఫార్మాట్ మారుతుంది. మొత్తం పాటలే, కంప్యూటరే వేసుకుంటుంది. ధరలు చదివే ఐదు నిమిషాలు మాత్రం విత్తనాల కంపెనీ ప్రకటన కోసం ఉంచుతున్నారు. శనివారం కార్యక్రమంలో వీడ్కోలు చెప్పవచ్చా అని అడిగాను. "వద్దు మేడమ్, నెగటివ్‌గా ఉంటుంది" అన్నాడు. శనివారం మామూలుగా తిన్యారా అన్నాను, మామూలుగా ముగించాను. అగళి ఆయన ఫోన్ చేసి సోమవారం తన మనవరాలి పుట్టినరోజని, పాట మరిచిపోవద్దని చెప్పాడు. సరే అన్నాను.

ఇంటికి వచ్చి నాయనకు చెప్పలేదు. ఎట్లా చెప్పాలి? తిరిగి వచ్చేసిన కూతురిని చూసి వీధిలో అందరూ అయ్యో అన్నారు. రేడియోలో నా గొంతు వినిపించిన రోజు నుంచి ఆయన తలెత్తుకుని తిరిగాడు. కండెల కోసం ఎవరు వచ్చినా, "కూచ్చోండి, మా పాప వస్తాది ఇప్పుడు" అని రేడియో వైపు చేయి చూపేవాడు. ఆ చేతికి ఏమని చెప్పేది? ఆదివారం కూడా చెప్పలేదు. ఇంకేదైనా పని దొరికాక చెబుదాం, అప్పటిదాకా స్టేషన్లో మైకు చెడిపోయిందని బొంకుదాం అనుకున్నాను.

సోమవారం పొద్దున ఎప్పటిలాగే లేచి వండాను. పళ్లెంలో పెట్టి మూత వేశాను. క్యారియరు కట్టుకున్నాను. "పోయొస్తా నాయనా" అన్నాను. "జాగర్తమ్మీ" అన్నాడు. రైలెక్కాను.

పెనుకొండలో దిగిపోయాను. హిందూపురం దాకా పోయి ఆ మెట్లు చూసే ధైర్యం లేదు. ప్లాట్‌ఫారం చివర బెంచీ మీద కూర్చున్నాను. అక్కడి నుంచి మా టవరు కనబడుతుంది. ఎవరైనా ఫోన్ చేసి ఏమయిందని అడుగుతారని భయపడి ఫోను ఆపేశాను. ఏడవాలనుకున్నాను, ఏడుపు రాలేదు. మేనేజరును తిట్టుకున్నాను, ఓనరును తిట్టుకున్నాను, పాటలను, కంప్యూటరును, ఆ విత్తనాల కంపెనీని కూడా తిట్టుకున్నాను. ఐదేళ్లు నాతో మాట్లాడినవాళ్లలో ఒక్కరైనా ఈ రోజు నన్ను అడుగుతారా అని ఆలోచించాను. నా బాధ నాకు ఎంత పెద్దదయిందంటే, దాని వెనక ఇంకో మనిషి ఉన్నాడని కనబడలేదు.

ఎనిమిదిన్నరకు స్టేషన్ బయట టీ అంగడిలో రేడియో ధరలు చెప్పింది. విన్నాను. పట్టుగూళ్లు, చింతపండు. ఎవరో కొత్త మనిషి గబగబా చదివాడు. విని కూడా కదలలేదు. తర్వాత పాటలు మొదలయ్యాయి. కొత్త పాటలు, డప్పులూ కేకలూ. తొమ్మిదయింది. తొమ్మిదిన్నరయింది. టీ తాగుదామని అంగడి దగ్గరికి పోయాను. అంగడాయన గ్లాసు ఇస్తూ, నేనెవరో తెలియక, పక్కనున్న మనిషితో అన్నాడు.

"ఏమప్పా, దినామూ తిన్యారా అని అడుగుతాండె ఒకాయమ్మ. ఈ పొద్దు అడిగేవాళ్లే లేరు."

గ్లాసు చేతిలోంచి జారింది. అది పగిలిన చప్పుడు కూడా నాకు గుర్తు లేదు. సూది వేసుకున్నాడు. ధరలు విని సూది వేసుకున్నాడు, నా మాట కోసం కూర్చున్నాడు. ఆపేసిన ఫోను తెరిచాను. నాయన దగ్గరున్న పాత ఫోనుకు చేస్తే మోగుతూనే ఉంది. ఎత్తలేదు. పక్కింటి పిన్నికి చేశాను.

"పిన్నీ, నాయనను చూడు. బిన్నా పో. చక్కెర తీసుకుని పో."

పిన్ని ఫోను చేతిలో పట్టుకునే పరుగెత్తింది. ఆమె ఆయాసం, మా తలుపు చప్పుడు, లోపల రేడియోలో డప్పులు, అన్నీ నాకు వినిపించాయి. "ఏమప్పో! ఏమప్పో, ఇట్ల చూడు!" అన్న ఆమె కేక వినిపించింది. తర్వాత ఫోను ఎక్కడో పడింది. ఆ పాట మాత్రం వినిపిస్తూనే ఉంది.

పిన్ని తర్వాత చెప్పింది. నాయన గోడకు ఒరిగి ఉన్నాడట. ఒళ్లంతా చెమట. చొక్కా పిండితే నీళ్లు కారేలా ఉందట. పిలిస్తే ఏదో అంటున్నాడు, అర్థం కాలేదు. మూత వేసిన పళ్లెం మూత వేసినట్లే ఉంది. నీళ్లలో కలిపిన చక్కెర నాలుక మీద రాస్తూ, కొద్దికొద్దిగా మింగించి, ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయారు. నేను పెనుకొండ నుంచి బస్సెక్కి వచ్చాను. ఆ దారి ఎంతసేపు పట్టిందో చెప్పలేను. బస్సులో కూడా మా ఎఫ్.ఎం. పెట్టారు. ఆపమని డ్రైవరును అడిగితే, ఏమయిందమ్మా అన్నాడు గానీ ఆపాడు.

ఆసుపత్రిలో చేతికి గ్లూకోజు ఎక్కుతోంది. నాయన కళ్లు తెరిచే ఉన్నాయి. నా అడుగుల చప్పుడు గుర్తుపట్టి చేయి చాపాడు.

"రైలు శానా లేటయినట్లుందే, అమ్మీ."

అవునన్నాను. అంతకంటే నీచమైన మాట నేను జీవితంలో ఇంకోటి అనలేదు.

ప్రాణం దక్కింది. మూడో రోజు ఇంటికి వచ్చాం. కానీ వేళ్లు మునుపటి వేళ్లు కావు. తెగిన కొస కోసం వెదుకుతూ వెదుకుతూ దారాన్ని చిక్కు చేస్తాడు. అది దీనివల్లనే అని డాక్టరు చెప్పలేదు, కాదనీ చెప్పలేదు. కాబట్టి దీనివల్లనే అని నేను చెప్పుకుంటాను. ఉద్యోగం పోయిందని మాత్రం ఇంటికి వచ్చిన మరుసటి రోజే చెప్పాను. రేడియో వాళ్లు మార్చేశారు, నన్ను ఆపేశారు అన్నాను. ఎప్పుడు అని ఆయన అడగలేదు. నేను చెప్పలేదు. ఆ సోమవారం గురించి ఎవరు అడిగినా, "రైలు లేటప్పా, ఆ పెనుకొండ క్రాసింగు ఉండాది చూడు" అని రైల్వేవాళ్లను తిట్టేవాడు. వచ్చినవాళ్లూ తిట్టేవాళ్లు. నేను పక్కనే కూర్చుని వినేదాన్ని.

ఇప్పుడు నేను ఇంట్లోనే పట్టుచీరలకు కుచ్చులు వేస్తాను. నాయన నెమ్మదిగా కండెలు చుడతాడు. తెగితే నేనే అతికిస్తాను. రేడియో పాత గుడ్డలో చుట్టి అటక మీద పెట్టాం. సూదికీ తిండికీ నేనే గడియారం. "తిందువు రా నాయనా" అని పిలిచిన ప్రతిసారీ నా గొంతు నాకే దొంగ గొంతుగా వినిపిస్తుంది.

మొన్న పొద్దున పిన్ని ఎవరో చుట్టాన్ని వెంటబెట్టుకుని వచ్చింది. మాటల్లో మళ్లీ ఆ సోమవారం వచ్చింది. నాయన మళ్లీ రైలు లేటన్నాడు. ఆ చుట్టం కూడా రైళ్లను తిట్టి పోయాడు. వాళ్లు గడప దాటారో లేదో, ఇంక నాకు పట్టలేదు.

"నాయనా, రైలు లేటు కాలేదు. నేనే పోలేదు. శుక్రవారమే చెప్పినారు, నన్ను ఆపేస్తామని. నీతో చెప్పకుండా పెనుకొండలో కూర్చుంటి."

నాయన రాట్నం ఆపలేదు. తిప్పుతూనే అన్నాడు.

"తెలుసులేమ్మీ."

"ఎట్ల తెలుసు?"

"రైలు లేటయితే ఆ రెండు భక్తి పాటలే కదా ఏసేది. ఆ పొద్దు ఏసినవి నేను ఎప్పుడూ ఇనలేదు. మొదటి పాటకే తెలిసిపాయ, ఇంగ నువ్వు రావని."

"మరి తినక ఏంటికి కూర్చుంటివి? పళ్లెం పక్కనే ఉండె కదా!" నేను అరిచేశాను. కోపం వచ్చింది, నిజంగానే వచ్చింది. ఇన్ని నెలలు నా అబద్ధాన్ని ఆయన మోశాడన్న కోపం.

"ఉండె. చేయి కూడా పెడితి మూత మీద." రాట్నం ఆగింది. "తింటే నువ్వు రావని నేనే ఒప్పుకున్నెట్ల కాదా? ఇంగొక పాట చూద్దాం, ఇంగొక పాట చూద్దాం అనుకుంటి. అంతే."

నేను కుచ్చుల దారం ఒడిలో పడేసి ఏడ్చాను. పెనుకొండ బెంచీ మీద రాని ఏడుపు అప్పుడు వచ్చింది. నాయన నన్ను ఊరుకోమనలేదు. ఏడ్వనిచ్చాడు. ఏడ్చి, ముక్కు తుడుచుకున్నాక, నేనున్న వైపు ముఖం తిప్పి అడిగాడు.

"రేపట్నుంచి యాడికి పోతాండావో, ఉన్నది ఉన్నట్లు చెప్పిపోతావా?"

"యాడికీ పోను నాయనా."

"పోకుంటే పోను అనే చెప్పు. నేను అడిగేది అదే."

సరే అన్నాను. చుట్టిన కండె పక్కన పెట్టి, ఇంకొకటి ఇమ్మని చేయి చాపాడు.